పాతబడాల్సిన దుప్పటి

సరోజనమ్మ నోరు మంచిదని దంతాలపల్లిలో ఎవరూ అనరు. మనసు చెడ్డదని కూడా ఎవరూ అనరు. ఆ నోటికీ మనసుకూ మధ్య నలిగేది ఆమె పెనిమిటి కొండల్‌రెడ్డి ఒక్కడే. పాపం, పొద్దున్నే పొలానికి పోయి చీకటి పడ్డాకే ఇల్లు చేరే ఉపాయం ఆయన ఎప్పుడో కనిపెట్టుకున్నాడు.

అలాంటి ఇంటి ముందుగదిలోకి కేరళ నుంచి వచ్చిన ఏలియమ్మ అద్దెకు దిగింది. ఊరి దవాఖానలో కొత్త నర్సు. ఆమెకు వచ్చిన తెలుగల్లా "నొప్పి ఎక్కడ", "నాలుక చాపు". వాటితో ఇరుగుపొరుగుతో ఏం ముచ్చట పెడుతుంది? సాయంత్రం కాగానే అరుగు మీద కూర్చుని కొక్కెం సూదితో ఊలు దారం లాగుతూ, మెలేస్తూ ఏదో అల్లుకునేది. రెండు పూటలు చూసేసరికి సరోజనమ్మ చేతులు ఊరుకోలేదు.

"జర నాకియ్యి సిస్టరమ్మా, ఏమంత బ్రహ్మవిద్యనా గిది!" అని సూది గుంజుకుంది.

పల్లికాయ ఒలవడానికి తండా నుంచి వచ్చే జమ్లీ మెట్టు మీద కూర్చుని ఇదంతా చూసేది. ఆమెకు కూలిపనికి సరిపడా తెలుగే వచ్చు, ఆపైన ఏం చెప్పాలన్నా లంబాడీలోకి దిగిపోతుంది. ఒకనాడు చేట పక్కకు నెట్టి తానూ చెయ్యి చాపింది. ఏలియమ్మ నవ్వి ఇంకో సూది ఇచ్చింది.

ఇక చూడాలి ఆ సంబరం! ఏలియమ్మ మలయాళంలో చెబుతుంది, జమ్లీ లంబాడీలో జవాబిస్తుంది. గట్టిగా అరిస్తే ఎవరికైనా తెలుగు అర్థమైపోతుందని సరోజనమ్మ నమ్మకం కాబట్టి ఆమె వీధి చివరికి వినపడేట్టు చెబుతుంది. అద్దాల రవికెలు కుట్టిన చెయ్యి కదా, జమ్లీ బిగించి లాగితే ఆ కుట్టులో సూది దూరదు. సరోజనమ్మ కుట్టులో బొటనవేలు దూరుతుంది. ఏలియమ్మ నెత్తి పట్టుకుని "అయ్యయ్యో" అంది. ఆ మాటకు అర్థం ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. చివరికి ఒక వరుస జమ్లీ చేత, ఒక వరుస సరోజనమ్మ చేత వేయించి, మధ్యలో తన వరుస కలిపితే దుప్పటి దారికొచ్చింది.

"గింత చిన్నగైతే నీ కాళ్లకు గూడ సాలది సిస్టరమ్మా!" అని సరోజనమ్మ వెక్కిరిస్తే ఏలియమ్మ తెగ నవ్వి తలూపింది. అది నర్సమ్మ తన కోసమే అల్లుకుంటున్నదని సరోజనమ్మ లెక్క.

లోపల సరోజనమ్మ కూతురు విమల నిండు చూలాలు. అరవై తొమ్మిది తెలంగాణ లొల్లిలో బడులు బందైన ఏడాది పలక పట్టిన పిల్ల, ఇప్పుడు పుట్టింటికి రెండో కాన్పుకు వచ్చింది. మొదటిసారి సరోజనమ్మ ఆగలేక మానుకోట పోయి, పుట్టని బిడ్డకు కొత్త గౌను, టోపీ కొనుక్కొచ్చింది. పుట్టిన పసిగుడ్డు చలికి రొమ్ము పట్టి, పురుడు స్నానమైనా కాకముందే పోయింది. చలి కాదు, నా గౌనే పొట్టన పెట్టుకుంది అని సరోజనమ్మ లోలోపల కుమిలింది. పసిగుడ్డుకు పాతబట్టే చుట్టాలని ముసలమ్మలు ఊరికే చెప్పారా? అందుకే ఈసారి ఇంట్లోకి కొత్త నూలుపోగు రావద్దని హుకుం. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీరలే సిద్ధం చేసింది. కానీ మళ్లీ పుష్యమాసమే, మళ్లీ అదే చలి.

దుప్పటి అయిపోయిన రోజు ఏలియమ్మ దాన్ని తెచ్చి, విమల కడుపు మీద పరిచి, చేతులతో ఊయల ఊపి చూపించింది. పసిబిడ్డకు చలి తగలొద్దని ఆమె తపన.

సరోజనమ్మ ఒక్క అంగలో కూతురి దగ్గరికి వచ్చింది. కొత్త దుప్పటి! అందులో మూడోవంతు కుట్లు తన చేతివే!

"తియ్యి! చూలు కడుపుల ఉండంగనే సోమలింగమని పేరు వెట్టినట్టు, గిదేం పనమ్మా? నా కొంప మళ్ల ముంచుతవా?" అని దుప్పటి లాగి వాకిట్లోకి విసిరేసింది. ఒక్క మాటా అర్థం కాకపోయినా కోపం అర్థమైంది ఏలియమ్మకు. కళ్లనీళ్లు పెట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది. సరోజనమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది.

బిత్తరపోయి నిలబడ్డ జమ్లీకి విమల పాత చీర పట్టుకుని చూపింది. "కొత్తది కప్పరాదు జమ్లక్కా. పాతదే కప్పాలె."

జమ్లీ ఆలోచించింది. "పాతగైతే?"

"పాతగైతే మంచిదే."

జమ్లీ దుప్పటి దులిపి, చంకన పెట్టుకుని తండాకు పోయింది. కిటికీలోంచి చూసిన సరోజనమ్మ పీడ విరగడైందనుకుంది.

మంచు దట్టంగా పట్టిన ఒక తెల్లవారుజామున విమలకు నొప్పులు మొదలయ్యాయి. అన్ని రోజులుగా మాటల్లేకపోయినా పిలవకముందే వచ్చేసింది ఏలియమ్మ. పాత చీరలు పట్టి చూసి, ఇవి చాలవన్నట్టు తలూపింది. సరోజనమ్మకు కొత్తది కప్పితే భయం, కప్పకపోతే భయం.

"అమ్మా, తండకు పో," అంది విమల పళ్లు బిగించి. "జమ్లక్క దుప్పటి పాతగ చేస్తున్నది."

సరోజనమ్మ చేల గట్ల మీద పడి ఉరికింది. జమ్లీ గుడిసెలో, పొయ్యి పక్కన, కోడలు ద్వాళి కొడుకు ఆ దుప్పట్లో నిద్రపోతున్నాడు. గుండ్రాయిలా ఉన్నాడు. బుగ్గలు చూస్తే ఏ చలీ వాడి దరికి వచ్చినట్టు లేదు. దుప్పటి రంగు దిగింది, కుంకుడుకాయ వాసన, పొగ వాసన, పాల వాసన.

"పాత చేసిన దొరసానీ!" అంది జమ్లీ గర్వంగా. "పాలు కక్కె, ఉచ్చ పోసె, రోజు ఉతికిన. మస్తు పాత!"

సరోజనమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పిల్లలు దక్కని ఇంటివాళ్లు, చల్లగా పెరిగే బిడ్డ బట్టే అడిగి తెచ్చుకునేవాళ్లు పూర్వం. ఆ బట్ట అడగకుండానే దొరికింది. జమ్లీ దుప్పటి తీయగానే పిల్లవాడు కెవ్వుమన్నాడు. సరోజనమ్మ తను కప్పుకున్న ఊలు శాలువ తీసి వాణ్ని చుట్టింది.

"ఏడ్వకురా కొడుకా. నీ పాతది నాకియ్యి, నా పాతది నువ్వు తీస్కో."

ఆమె ఇల్లు చేరేసరికి ఆడపిల్ల పుట్టింది. ఏలియమ్మ చాపిన చేతుల్లో సరోజనమ్మే దుప్పటి పెట్టింది. వెలిసిన రంగునీ పాల మరకల్నీ ఏలియమ్మ వేళ్లతో తడిమి, వెనకే రొప్పుతూ వచ్చిన జమ్లీని చూసి, అంతా అర్థమై ఫక్కున నవ్వేసింది. సరోజనమ్మ ఆమె గడ్డం పట్టుకుని మన్నించమని బతిమాలింది. ఈసారి అరవలేదు.

పురుడు నాటికి మరిపెడ నుంచి వియ్యపురాలు శకుంతల వచ్చింది. చలి తగ్గనేలేదు. పిల్ల మాత్రం దుప్పట్లో వెచ్చగా, ఎర్రగా, గుప్పిళ్లు బిగించి నిద్రపోతోంది. శకుంతల వంగి ముక్కు చిట్లించింది.

"ఏంది వదినే, దుప్పట్ల తండ పొగ వాసన కొడ్తున్నది?"

అరుగు మీద తన పక్కనే కూర్చున్న జమ్లీనీ, ఏలియమ్మనీ చూసింది సరోజనమ్మ. మనవరాలి చెవి మీదికి దుప్పటి జరిపింది.

"గా వాసనకే నా మనుమరాలు నిద్రవోతున్నది వదినే. జర మెల్లగ మాట్లాడు."