గడియ తీసిన చెయ్యి

ఎడిటింగ్ క్లాసులో ఆ పన్నెండు నిమిషాల సినిమాని ఆమె ప్రతి ఏడూ చూపిస్తుంది. ఒంటరిగా ఉండే ఒక స్త్రీ సాయంత్రం కాగానే తలుపుకి లోపల గడియ పెట్టుకుంటుంది. పొద్దున లేచి చూస్తే గడియ తీసి ఉంటుంది. ఎవరో ఇంట్లోకి వస్తున్నారని ఆవిడ హడలిపోతుంది. పక్కింటివాళ్లకి చెబితే నవ్వుతారు. గడియ మారుస్తుంది, తలుపుకి అడ్డంగా బల్ల జరుపుతుంది. చివరి షాట్లో ఒక చెయ్యి నెమ్మదిగా గడియ తీస్తుంది. కెమెరా ఆ చేతి వెంట పైకి వెళ్లి మొహం దగ్గర ఆగుతుంది. నిద్రలో నడుస్తున్న ఆవిడే.

చివర వచ్చే పేర్లు మాత్రం ఆమె చూపించదు. ఎడిటింగ్ చేసింది తనే. కెమెరా పట్టింది అన్నయ్య. నటించింది అక్క. ఆ సంగతి తెలిస్తే విద్యార్థులు మొహమాటపడి నిజం చెప్పరన్నది ఆమె తనకి తాను చెప్పుకునే కారణం. పద్దెనిమిదేళ్ల కిందట ఆ సినిమాకి బహుమతి వచ్చింది. దాని పుణ్యమా అని అన్నయ్యకీ ఆమెకీ చేతినిండా పని దొరికింది. తర్వాత ఆమె పాఠాలు చెప్పడంలోకి వచ్చేసింది.

ఆ ఏడు క్లాసులో ఇరవై రెండు మంది. అందరిలోకీ పెద్దవాడు నలభై మూడేళ్ల వీడియోగ్రాఫర్. పదహారేళ్లుగా పెళ్లిళ్లు తీసి తీసి, ఇప్పుడు పద్ధతిగా నేర్చుకుందామని చేరాడు. మిగతావాళ్లు ఆయన్ని ‘పెళ్లిళ్ల మాస్టారు’ అంటారు. ఆయనేమీ అనుకోడు.

సినిమా అయిపోయింది. కర్టెన్లు తీశారు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. చివరి షాటు దాకా కెమెరా నడుం ఎత్తు దాటలేదని ఒకరు, తలుపుని ఎప్పుడూ ఫ్రేము అంచులో ఉంచి దాని మీదే మన ధ్యాస ఉండేలా చేశారని ఒకరు, మొదట్లో పది సెకన్లు ఉన్న షాట్లు చివరికి రెండు సెకన్లకి వచ్చాయని ఇంకొకరు. ఏటా వినే మాటలే. ఆమె బోర్డు మీద రాసుకుంటూ పోయింది.

“నాదొక సందేహం మేడమ్,” అన్నాడు పెళ్లిళ్ల మాస్టారు. “ఆవిడ తలుపు వైపు చూసే షాట్లు పదకొండు ఉన్నాయి. వేళ్ల మీద లెక్కపెట్టాను. చూసిందంటే తర్వాత ఆవిడ కళ్లకి కనబడినట్టు మనకీ తలుపు కనబడాలి కదా. కనబడదు. మళ్లీ ఆవిడ మొహమే వస్తుంది.”

“అయితే?”

“అయితే మనం ఆవిడతో కలిసి చూడట్లేదు. ఆవిడని చూస్తున్నాం. ఆవిడకి ఏం కనబడిందో ఒక్కసారన్నా చూపించలేదు. మొదటి నిమిషంలోనే ఈవిడకి మతి సరిగ్గా లేదని మన చేత అనిపించేశారు.”

“ట్విస్టు పండాలంటే అలాగే చెయ్యాలిగా అంకుల్,” అంది ముందు వరసలో అమ్మాయి.

“అవునమ్మా, కాదనను. నేనూ అదే చేస్తాను. పెళ్లికూతురు ఏడుస్తుంటే దగ్గరికి వెళ్లి మొహం తీస్తాను. పుట్టింటి మీద బెంగ అనుకుంటారు అందరూ. ఎవరి వైపు చూసి ఏడుస్తోందో కూడా చూపించాననుకో, కథే మారిపోతుంది. చూపించను. నన్ను పిలిచింది వాళ్ల నాన్న కదా.”

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

“అయితే తప్పు కెమెరామన్‌దంటారా?”

“తియ్యకపోతే ఆయనదే. తీసినా పెట్టకపోతే మాత్రం ఎడిటర్‌ది.”

క్లాసు అయ్యాక ఆయన వెనకే ఉండిపోయాడు. కుర్చీలు సర్దుతున్నట్టు నటించి, చివరికి దగ్గరికి వచ్చాడు. “ఏమీ అనుకోకండి మేడమ్. పెళ్లిళ్లలో ఎవరు ఎవరి తరఫో చెవులు చూసి చెప్పేస్తాను నేను. ఆ సినిమాలో ఆవిడ చెవులు మీ చెవులే. ముందే తెలిస్తే నోరు కాస్త అదుపులో పెట్టుకునేవాణ్ని.”

“మా అక్క,” అంది ఆమె. “మీరేం తప్పు మాట్లాడలేదు.”

అన్నదే గానీ, తీసినా పెట్టకపోతే ఎడిటర్‌ది అన్న ఆ మాట ఇంటికి వెళ్లేదాకా ఆమెని వదల్లేదు. ఆ సినిమా తీసిన ఏడే అక్క ఒక సూట్‌కేసుతో పుట్టింటికి వచ్చేసింది. బావ తనని కనిపెడుతూ ఉంటాడని, స్నానానికి వెళ్లినా తలుపు బయట నిలబడతాడని చెప్పింది. బావ మాటకారి. పండో ఫలమో పట్టుకుని వచ్చి అందరినీ పేరుపేరునా పలకరించేవాడు. “అతనికి నీ మీద ఎంత ప్రేమ లేకపోతే అలా కాచుకుంటాడే,” అంది అమ్మ. “నీకు అనుమానం జబ్బు పట్టింది,” అని నోరు జారాడు అన్నయ్య. ఇంట్లో అందరికంటే చిన్నది కాబట్టి ఆమెని ఎవరూ అడగలేదు, ఆమె ఏమీ అనలేదు. ఊరికే కూర్చుంటే ఇంకా ఆలోచిస్తావని, మా సినిమాలో చెయ్యవే అని అన్నయ్యే అక్కని ఒప్పించాడు. బహుమతి వచ్చిన రెండు నెలలకి అక్క వేరే ఊళ్లో పని చూసుకుని వెళ్లిపోయింది. అప్పట్నుంచీ ఫోన్ చేస్తే బాగున్నారా, బాగున్నాం. అంతకు మించి ఒక్క మాట పెరగదు. ఇదంతా అన్నయ్య నోటిదురుసు వల్లేనని ఆమె ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చింది.

ఆదివారం పొద్దున అటక మీంచి పాత హార్డ్ డిస్క్ దింపింది. సినిమాకి తీసిన ముడి సరుకంతా అందులో ఉంది, ఆరు గంటలు. ఆ రోజుల్లో ఆమెకో అలవాటుండేది. శబ్దం పూర్తిగా ఆపేసి బొమ్మ ఒక్కటే చూసేది. మాటలు వింటే మనసు అటు పోతుందని, ఎక్కడ కత్తిరించాలో కళ్లకే బాగా తెలుస్తుందని అప్పట్లో గొప్పగా చెప్పుకునేది. ఈసారి శబ్దం పెట్టుకుని చూసింది.

మూడో గంటలో దొరికాయి. ఏడు షాట్లు, అన్నీ తలుపువే. మంచం మీద కూర్చున్న మనిషికి తలుపు ఎలా కనబడుతుందో అలా తీసినవి. మొదటి షాటుకి ముందు కెమెరా వెనక నుంచి అక్క గొంతు వినబడింది.

“నేను కూర్చునే ఎత్తులో పెట్టు. ఇంకా కిందకి. తలుపు కింద సందు కనబడాలి.”

“సందు ఎందుకే?” అన్నయ్య గొంతు.

“పాదాల నీడ అక్కడే పడేది. గంటసేపు కదలకుండా నిలబడేవాడు.”

కెమెరా స్టాండు కిర్రుమంది. అప్పుడు అన్నయ్య గట్టిగా పిలిచాడు. “చిన్నీ, బయటికి వెళ్లి తలుపుకి దగ్గరగా నిలబడు. కదలకు.”

“నిలబడ్డా,” అని తలుపు అవతల నుంచి తన గొంతే, ఇరవై నాలుగేళ్లప్పటి గొంతు.

తలుపు కింద వెలుగు గీతలో రెండు నల్లటి మచ్చలు వచ్చి నిలిచాయి. ఆ రోజు అలా నిలబడిన సంగతి ఆమెకి బొత్తిగా గుర్తులేదు. ఆ ఏడింటినీ ఎందుకు తీసేసిందో మాత్రం బాగా గుర్తుంది. తలుపు అవతల ఎవరైనా ఉన్నట్టు చూపిస్తే చివర గడియ తీసే చెయ్యి తేలిపోతుంది. అందుకని ఒక మధ్యాహ్నం కూర్చుని ఏడూ తీసి పక్కన పెట్టింది. టీ చల్లారేలోపు అయిపోయిన పని.

అన్నయ్యకి ఫోన్ చేసింది.

“ఉంచమన్నాను నేను,” అన్నాడు అన్నయ్య, అంతా విన్నాక.

“ఎప్పుడన్నావు?”

“ఒకసారి అన్నాను. గట్టిగా అనలేదులే.”

“ఎందుకని?”

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. “నువ్వు కట్ చేసింది బాగుంది కాబట్టి. చూడగానే ఒళ్లు జలదరించింది. బహుమతి వస్తుందని అప్పుడే అనిపించింది. అదీగాక... అక్క చెప్పింది నిజమైతే మనం ఏదో ఒకటి చెయ్యాల్సొచ్చేది కదా.”

ఇంత ముక్కుసూటిగా అన్నయ్య ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు.

అక్క ఉండే ఊరికి బస్సులో నాలుగు గంటలు. అక్క డ్రైవింగ్ నేర్పిస్తుంది. ముందు ఫోన్ చేస్తే ఏదో వంకతో వద్దంటుందని చెప్పకుండానే వెళ్లింది. డ్రైవింగ్ స్కూల్ ముందు, నేర్పే కారులో కూర్చుని అక్క అన్నం తింటోంది. చెల్లెల్ని చూసి డబ్బా మూతపెట్టింది.

“ఎవరికి ఏమైంది?”

“ఎవరికీ ఏమీ కాలేదు. నిన్ను చూద్దామని.”

“ఎక్కు. ఇంకో అరగంటకి గానీ నా శిష్యుడు రాడు. అటు వైపు, స్టీరింగ్ ముందు ఎక్కవే. ఇది నా సీటు, ఇక్కడా బ్రేకుంటుంది. నువ్వు కూర్చుంటే ఊరికే కాలు పెడతావు.”

ఆమె స్టీరింగ్ ముందు ఇబ్బందిగా కూర్చుంది. సంచిలోంచి టాబ్లెట్ తీసి అక్క ఒళ్లో పెట్టింది. ఏడు షాట్లూ నాలుగు నిమిషాలు. అక్క రెప్ప వాల్చకుండా చూసింది. తన గొంతు వచ్చినప్పుడు తల కాస్త పక్కకి వంచింది, అంతే.

“ఇవి పోయాయనుకున్నాను,” అంది.

“పోలేదు. నేనే తీసేశాను. ఈ మాటలు అప్పుడు వినలేదక్కా. విననే లేదు.”

అక్క టాబ్లెట్‌ని తిరిగి ఆమె చేతిలో పెట్టింది. “హాల్లో వేసిన రోజు నేను దేని కోసం చూశానో తెలుసా? ఆ నీడ కోసం. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చివరిదాకా చూశాను. అది వస్తే అమ్మ కూడా చూస్తుంది కదా, నోటితో చెబితే ఎవరూ వినలేదు, తెర మీద చూస్తే నమ్ముతారేమో అనుకున్నాను. చివరికి నా చెయ్యే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ నా వైపు తిరిగి, చూశావా, ఇలాగే ఉంటుందమ్మా అనుమానం అంటే, అంది.”

రోడ్డు మీద ఎవరో హారన్ కొట్టారు. ఇద్దరూ అటు చూశారు.

“ఆ చెయ్యి షాటు నువ్వెందుకు చేశావక్కా మరి?”

“మీ అన్నయ్య గడియ తియ్యమన్నాడు, తీశాను. అది ఆఖర్న పెడతారని నాకేం తెలుసు? సినిమాలో నాకు తెలిసింది అంతే.”

“మళ్లీ కట్ చేస్తాను. ఈ ఏడూ పెట్టి...”

“వద్దు,” అంది అక్క పుల్ల విరిచినట్టు. “అది మీరిద్దరూ అప్పుడు అనుకున్నది. ఇప్పుడు దిద్దితే ఆ రోజు మారుతుందా? నీ దగ్గర చదువుకునేవాళ్లకి రెండూ చూపించు. ఏది తీసేస్తే ఏమవుతుందో చెప్పు. తీసేసింది నువ్వేనని కూడా చెప్పు, తప్పించుకోకు.”

“చెబుతాను.”

“ఊఁ.” అక్క డబ్బా మూత మళ్లీ తీసింది. రెండు ముద్దలు తిన్నాక, ఎవరూ అడక్కుండానే, బావతో కాపురం మొదటి నెల నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో చెల్లెలికి రెండుమూడు చోట్ల ఏదో అనాలనిపించింది. నోరు మెదపకుండా వింది. శిష్యుడు వచ్చి కిటికీ మీద వేలితో కొడితే, ఇంకో గంట ఆగి రమ్మని పంపించేసింది అక్క. ఆయన పక్క బెంచీ మీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు.

తర్వాతి వారం క్లాసులో ఆమె సినిమాని పేర్లతో సహా చూపించింది. ఆ తర్వాత ఏడు షాట్లూ, మాటలతో సహా, అక్క అనుమతితో. వాటిని తీసేసింది తనేనని చెప్పింది. ట్విస్టు గురించి మాట్లాడిన అమ్మాయి, “మేడమ్, మాటలు ఆపేసి చూడమని పోయిన నెల మీరే చెప్పారు, నోట్సులో రాసుకున్నాం,” అంది.

“కొట్టెయ్యండి,” అంది ఆమె.

పెళ్లిళ్ల మాస్టారు ఆ వేళ అందరికన్నా చివర లేచాడు. వెళ్తూ వెళ్తూ, తన దగ్గర కూడా పాత పెళ్లి వీడియో ఒకటి ఉందని, ఆ పెళ్లికూతురు ఇప్పుడు ఎక్కడుందో కనుక్కోవాలని మాత్రం అన్నాడు.

నెల తిరిగాక అన్నయ్య ఒక్కడే అక్క దగ్గరికి వెళ్లొచ్చాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆమెకి చెప్పలేదు, ఆమె అడగలేదు. మర్నాడు అక్కే ఫోన్ చేసింది. బాగున్నావా అని అడగలేదు. “మీ అన్నయ్యకి ఇన్నేళ్లొచ్చినా రివర్స్ తియ్యడం రాదే. రెండు గంటలు నేర్పించాను, మళ్లీ గోడకే కొట్టాడు,” అంటూ మొదలుపెట్టి, వంటింట్లో ఆమె పెట్టిన పాలు పొంగిపోయేదాకా మాట్లాడింది.