మాస్టారి నూట ఆరు

బావ అబద్ధమాడాడని ఇల్లంతా కలిసి తీర్మానం చేసేసింది. ఇల్లంతా అంటే పెద్ద బలగమేమీ కాదు. అక్క, అక్క కూతురు, ఫోనులో పలకరించే ఇద్దరు ముగ్గురు చుట్టాలు, వాళ్ళకు వంత పాడటానికి ఆసుపత్రి డాక్టరు. ఆ తీర్మానానికి అడ్డు చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది, బావకు మరదలు. ఆవిడ ఆసుపత్రిలో బావ మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నోరు కుట్టేసుకున్నట్టు ఉండిపోయింది.

ఆమెను ఇంట్లో బుల్లి అంటారు. ముప్పై ఆరేళ్ళొచ్చినా బుల్లే, ఉద్యోగంలో పదేళ్ళ సర్వీసు ఉన్నా బుల్లే. బావను మాత్రం ఇంటా బయటా అందరూ మాస్టారంటారు. పాఠాలు చెప్పే మాస్టారు కాదు, దర్జీ దుకాణంలో కటింగ్ మాస్టారు. టేపుతో రెండుసార్లు కొలవందే గుడ్డ మీద కత్తెర ఆనించడు. కంటి అంచనాతో కోసేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట.

అలాంటి మనిషికి ఏడాది కిందట గుండెకు చిన్న దెబ్బ తగిలింది. రోజూ నడవండి, కానీ గుండె నిమిషానికి నూట పదిసార్లకు మించి కొట్టుకోకూడదు అన్నాడు డాక్టరు. నడిచే మనిషికి తన గుండె లెక్క ఎలా తెలుస్తుందని అక్క బెంగపెట్టుకుంది. "దానికెందుకే అంత దిగులు, మా ఆఫీసులో చేసేవి అవేగా" అంటూ బుల్లి గుండె కొట్టుకోవడాన్ని లెక్కపెట్టే తమ కంపెనీ బ్యాండొకటి తెచ్చి, బావ మణికట్టుకు స్వయంగా కట్టింది. పట్టీకీ చర్మానికీ మధ్య ఒక్క వేలు మాత్రమే పట్టేలా బిగించింది. అలా బిగించడం ఆమె చేతికి అలవాటే. మాస్టారి దగ్గరున్నది బటన్ల ఫోను కాబట్టి దానికీ దీనికీ ముడిపెట్టలేదు. చేతి మీద అంకె కనబడుతుంది, చూసుకుని నడుస్తాడు, అంతే. ఆ రోజు ఇంట్లో బుల్లికి జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు.

పది నెలలు మాస్టారు ఆ అంకెను టేపును నమ్మినట్టే నమ్మాడు. నూట పదికి దగ్గర పడితే ఆగిపోయేవాడు, దిగితే కదిలేవాడు. అలా చదును రోడ్డు మీద నడిచి నడిచి ధైర్యం వచ్చి, ఇంటి వెనక నీళ్ళ ట్యాంకు దాకా ఉన్న ఎత్తు రోడ్డు ఎక్కడం మొదలుపెట్టాడు. నాలుగోరోజు పొద్దున ట్యాంకు గేటు ముందు కూలబడ్డాడు. పాలబండివాడు చూడబట్టి సరిపోయింది.

"బాగా ఎక్కువ శ్రమపడ్డారు. నూట నలభై దాటి ఉంటుంది. చెప్పిన హద్దులో ఉండుంటే ఇలా అయ్యేది కాదు" అన్నాడు డాక్టరు.

అక్క భర్త వైపు తిరిగింది. "ఎంత దాకా వెళ్ళింది?"

"నూట ఆరు" అన్నాడు మాస్టారు నీరసంగా. "ఎక్కుతున్నంతసేపూ చూసుకుంటూనే ఉన్నాను. నూట ఆరు దగ్గరే నిలబడిపోయింది. అటూ ఇటూ కదల్లేదు. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్లు పెట్టకండి. సిగరెట్టు మానేశానని కూడా నా మీదే ఒట్టేశారు."

అది నిజమే. మానేశానని చెప్పి రెండేళ్ళు దుకాణం వెనక్కి వెళ్ళి కాల్చిన చరిత్ర ఆయనకుంది. అది బయటపడ్డ రోజునుంచీ అక్క కోర్టులో ఆయన పాత నేరస్తుడే. బ్యాండు చూసుకోకుండా ఎవరితోనో పందెం కట్టి పైకి ఉరికుంటాడని అక్క తేల్చేసింది. కూతురు తలూపింది.

నూట ఆరు దగ్గరే నిలబడిపోయింది అన్న మాట వినగానే కుర్చీలో కూర్చున్న బుల్లికి మాత్రం సంగతి మొత్తం తెలిసిపోయింది. ఎత్తు ఎక్కే మనిషి గుండె ఒక అంకె దగ్గర నిలబడదు. నిలబడేవి అడుగులు. హుషారుగా నడిచే మనిషి నిమిషానికి నూట ఆరు అడుగులు వేస్తాడు, చదునులోనైనా, ఎత్తులోనైనా. బ్యాండు కింద ఉండే పచ్చదీపం చర్మం లోపల రక్తం పోటెత్తడాన్ని చూసి లెక్కపెడుతుంది. చెయ్యి గట్టిగా ఊగుతున్నప్పుడు ఒక్కోసారి అది గుండెను వదిలేసి అడుగులను లెక్కపెట్టడం మొదలెడుతుంది. మాస్టారు చూసుకున్నది తన గుండెను కాదు, తన కాళ్ళను.

ఇది బుల్లికి ఎలా తెలుసంటే, తెలుసుకోవడమే ఆమె ఉద్యోగం.

వాళ్ళ ఆఫీసులో బ్యాండ్లు పరీక్షించే గదిలో ఒక నడక యంత్రం ఉంటుంది. వచ్చినవాళ్ళ ఛాతీకి గుండె చప్పుడు నేరుగా పట్టే బెల్టు కడతారు, మణికట్టుకు కంపెనీ బ్యాండు కడతారు. యంత్రం ఎత్తు పెంచుకుంటూ పోతుంటే బుల్లి నిమిషానికోసారి రెండు అంకెలూ పక్కపక్కన రాస్తుంది. ఆ కాగితంలో చివరి గడి పేరు 'పట్టీ వదులు'. బుల్లి చేరిన కొత్తలో పెద్దసారు పక్కన నిలబడి నేర్పాడు. "రెండు అంకెలకీ ఇరవై కన్నా తేడా వచ్చిందంటే పట్టీ జారిందన్నమాట. అక్కడ టిక్కు పెట్టు, ఆ వరుస లెక్కలోకి రాదు." ఆ రోజు నడిచిన వ్యక్తి పట్టీ నిజంగానే అరచేతి దాకా జారింది కాబట్టి అందులో తప్పేమీ కనబడలేదు. ఆ తర్వాత వేలు పెట్టి తనే బిగించిన పట్టీలకు కూడా తేడా వచ్చింది. లేచి వెళ్ళి చూడాలి. చూస్తే యంత్రం ఆపాలి, ఆపితే ఆ మనిషి మళ్ళీ మొదట్నుంచీ నడవాలి, బయట ఇంకో నలుగురు వరసలో కూర్చుని గడియారం చూస్తుంటారు. బుల్లి లేవలేదు. టిక్కు పెట్టింది. టిక్కు పెట్టాక చెయ్యి దానంతటదే ఇంకో టిక్కు పెట్టింది. అన్నీ కలిపి ముప్పై ఒకటి. అవన్నీ పోగా మిగిలిన వరుసలు ముచ్చటగా వచ్చాయి. పెద్దసారు అందరికీ కాఫీ ఇప్పించాడు. బుల్లి రెండు కప్పులు తాగింది.

ఆసుపత్రిలో ఆమె ఏమీ అనలేదు. ముందు బావ కోలుకోనీ అనుకుంది. కోలుకున్నాడు. ఇంటికి రానీ అనుకుంది. వచ్చాడు. మూడు నెలలు కత్తెర ముట్టుకోవద్దన్నారు కాబట్టి ముందు గదిలో మంచం మీద కూర్చుని కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. అక్క మందులు సమయానికి ఇస్తోంది, అన్నం పెడుతోంది, మాట మాత్రం ఇవ్వడం లేదు. బుల్లి రోజూ సాయంత్రం పండ్లు పట్టుకుని వెళ్ళి, కాసేపు కూర్చుని, ఏదో చెప్పబోయి నీళ్ళు నమిలి తిరిగొచ్చేది. పండ్లు పేరుకుపోయాయి గానీ మాట గడప దాటలేదు. చెబితే అక్క తన ముఖం చూస్తుందా అన్న భయం ఒకటి, నువ్వు కట్టిన బ్యాండు వల్లే అంటుందన్న భయం ఇంకొకటి. ఈ రెండిటి మధ్యా బావ నోటి మాటకు విలువ లేకుండా పోతోందని ఆమెకు తెలుసు. తెలిసే ఊరుకుంది. అద్దంలో తల దువ్వుకునేటప్పుడు తన ముఖం తనకే చూడబుద్ధయ్యేది కాదు.

బావ కూలబడ్డ తొమ్మిదోరోజు అక్క ఫోను చేసింది. "ఎల్లుండి నుంచి నెమ్మదిగా నడవచ్చన్నాడు డాక్టరు. ఈసారి ఆయన్ని నమ్మను. ఆ బ్యాండు నా ఫోనుకి కలిపి పెట్టు, పక్కనే నడుస్తూ అంకె నేనే చూసుకుంటాను. అది చెప్పినట్టే నడిపిస్తాను."

ఇన్నాళ్ళూ పోయింది బావ పరువేననుకుంది బుల్లి. ఈసారి మనిషే పోవచ్చు.

మర్నాడు అందరికన్నా ముందే ఆఫీసుకు వెళ్ళి బెల్టూ బ్యాండూ తనకే కట్టుకుంది. వేలు పెట్టి చూసుకుంది. యంత్రం ఎత్తు పెంచి నడిచింది. ఏడో నిమిషానికి బెల్టు నూట నలభై నాలుగు చూపించింది, బ్యాండు నూట తొమ్మిది. పట్టీ అంగుళం కూడా జారలేదు. దిగి, చెమట తుడుచుకోకుండానే ముప్పై ఒక్క టిక్కుల మీదా అడ్డగీత గీసి, వరుసలన్నీ లెక్కలో కలిపి, ఇవి తాను కావాలని వదిలేసినవని పైన రాసి పెద్దసారి బల్ల మీద పెట్టింది. ఆయన వచ్చి చదివి చాలాసేపు తల గోక్కున్నాడు.

"ఇప్పుడా చెప్పడం? సరుకు దుకాణాల్లోకి వెళ్ళిపోయిందిగా."

"అవునండీ."

"వదులు అని రాసింది నువ్వే కదమ్మా."

"నేనేనండీ."

ఆయన కాగితాలు పట్టుకుని పై అంతస్తుకు వెళ్ళాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో బుల్లికి తెలియదు. చిత్రమేమిటంటే ఆ పని ఆమెకు అంత కష్టమనిపించలేదు. కష్టమైనది అక్క ఇంట్లో ఉంది. సెలవు చెప్పి అటే వెళ్ళింది.

మధ్యాహ్నం. అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. ముందు గదిలో మాస్టారు పాత పేపరు మీద చొక్కా కాలరు గీసుకుంటున్నాడు. కత్తెర వద్దన్నారు గానీ పెన్సిల్ వద్దనలేదుగా అని ఆయన వాదన.

"రావమ్మా. ఇవాళ ఆఫీసు లేదా?"

"బావా, మీతో ఒక మాట చెప్పాలి. ఆ నూట ఆరు..."

"అయ్యో, అదింకా నీ బుర్రలో తిరుగుతోందా? ఆ గొడవ నిన్న తీరిపోయింది" అన్నాడాయన గొంతు తగ్గించి. "మీ అక్క దగ్గర ఒప్పేసుకున్నాను."

"ఏమని?"

"హద్దు దాటానని. చూసి కూడా ఆగలేదని. పొద్దున్నుంచీ మాట్లాడుతోంది చూడు, కాఫీలో పంచదార కూడా సరిగ్గా పడింది."

"మీరు దాటారా బావా?"

మాస్టారు పెన్సిల్ పక్కన పెట్టాడు. "దాటలేదనే గుర్తు. కానీ నా గుర్తుదేముందమ్మా? డాక్టరేమో దాటావంటాడు. మీ బ్యాండేమో అబద్ధం చెప్పదు. ఇద్దరూ రైటే అయితే ఇక తప్పు చెప్పేవాడు ఎవరు మిగిలారు? నేనే. కళ్ళు సరిగ్గా చూసుండవు. లేకపోతే ఆ ఆయాసంలో ఏమి చూశానో ఏమి అనుకున్నానో. మొన్న రాత్రంతా ఆలోచించాను. నలభై ఏళ్ళు కొలతలు చూసిన కళ్ళే, అయినా ఇక నమ్మలేననిపించింది."

బుల్లికి ఇప్పుడు అర్థమైంది. ఆయన ఒప్పుకున్నది భార్యను ఊరుకోబెట్టడానికి మాత్రమే కాదు. నిజంగానే తనను తాను నమ్మడం మానేశాడు. పది రోజుల్లో ఆయన చేత ఆ పని చేయించింది తనే.

లేచి తిన్నగా వంటింట్లోకి నడిచింది.

"అక్కా, బావ అబద్ధం చెప్పలేదు. బ్యాండు నూట ఆరే చూపించింది. అది తప్పు చూపించింది. ఎత్తు ఎక్కేటప్పుడు అది అలా చూపిస్తుందని నాకు ముందే తెలుసు."

అక్క నీళ్ళు కట్టేసింది. "ముందే అంటే?"

బుల్లి చెప్పింది. నడక యంత్రం గురించి, వదులు గడి గురించి, తనే బిగించి తనే వదులని రాసిన పట్టీల గురించి. ఒక్కటి కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ అక్క చేతి నుంచి నీళ్ళు నేల మీద కారుతూనే ఉన్నాయి. తిడుతుందనుకుంది. చెయ్యి చేసుకున్నా బాగుండునని కూడా అనుకుంది.

"నిన్న ఆయన కాదు కాదంటుంటే కూర్చోబెట్టి ఒప్పించానే" అంది అక్క. "నిజం చెప్పేదాకా పలకనన్నాను. కన్నకూతురి ముందు ఒప్పించాను." చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "పద. నాకు కాదు, ఆయనకి చెప్పు."

మాస్టారు అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారే ఆపి, "అంటే నేను చూసింది నూట ఆరేనా?" అని అడిగాడు. "నూట ఆరే బావా" అంది బుల్లి. ఆయన తన రెండు కళ్ళనూ వేళ్ళతో ఒకసారి రుద్దుకున్నాడు. అక్క మంచం చివర కూర్చుని ఆయన పాదం మీద చెయ్యి వేసింది.

"తప్పు నాదే బావా. ఆ బ్యాండు మీ చేతికి కట్టి ఉండకూడదు."

"బ్యాండుదేముందమ్మా" అన్నాడు మాస్టారు. గొంతులో కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. "యంత్రమన్నాక తప్పుతుంది. నువ్వు మంచి కోరే కట్టావు. కానీ ఆసుపత్రిలో అందరూ ఒక పక్క నిలబడి నన్ను దొంగను చూసినట్టు చూస్తుంటే, నేను నీ వైపు చూశాను. ఈ పిల్లకి వీటి సంగతి తెలుసు, ఒక్క మాట అంటుందేమో అని చూశాను. నువ్వు కిటికీ వైపు తిరిగావు. నేను దాటే ఉంటానని నాకు నమ్మకం కుదిరింది అప్పుడేనమ్మా."

బుల్లి తల దించుకుంది. ఆయన అలా చూసిన సంగతి ఆమెకు గుర్తుంది.