ఒంట్లో నూనె

"రమోన్" అని పిలిచాడు ఆసుపత్రి గుమాస్తా. వరండాలో బెంచీ మీద ఓటిలియా కదల్లేదు. ఆ మగ పేరు వదిలేసి ఆమె సగం జీవితం ఆడదానిగా బతికింది. గుమాస్తా ఆమె వంకే చూస్తూ, నలుగురూ నవ్వేలా, మళ్ళీ పిలిచాడు. ఆ తర్వాత ఆమె వంతు దాటేశాడు.

పక్కనున్న ఫెర్మీనా స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది.

పోసదాస్ ఊరి రేవుపేటలో వీళ్ళలాంటివాళ్ళు యాభై దాటి బతకడమే తక్కువ. వయసులో ఉండగా ఒంపుల కోసం ఒకరికొకరు తుంటికీ తొడలకీ యంత్రాల నూనె సూదితో ఎక్కించుకున్నారు. ఇప్పుడది కిందికి జారి మోకాళ్ళలో గడ్డకడుతోంది. డాక్టర్లకు చెబితే నీ చేతులారా చేసుకున్నావని గెంటేస్తారు. అందుకని, జారిపడ్డామనే చెప్పాలన్నది వాళ్ళ కట్టుబాటు.

ఇరుపే అనే నర్సు వీళ్ళ ముసలితనం ఆరోగ్యంగా గడవాలంటే ఏం చెయ్యాలో పరిశోధన చేస్తోంది. గురువారాల్లో అందుకోసం ఆసుపత్రిలో ఒక గది తెరుస్తుంది. ఓటిలియా ఆమెకూ జారిపడ్డాననే చెప్పి, పైపూత మందు తెచ్చుకుంది. ఆదివారం చచ్చిపోయింది.

దినం నాడు ఫెర్మీనా వంటింట్లో అందరూ చేరారు. చల్లని తెరెరే ఆకు కషాయం గ్లాసు చేతులు మారుతోంది. ఇరుపే గుమ్మంలోనే నిలబడింది.

"గది మూసేస్తారట అక్కా. ఇంతమంది జారిపడితే రోడ్లు బాగుచేయించాలిగానీ గది ఎందుకన్నాడు ఆసుపత్రి డైరెక్టరు."

చేరినవాళ్ళలో డెల్మీరా మూతి తిప్పింది. "మా గోడు రాసుకుని నువ్వు పెద్దదానివవుతావు. మాకేం ఒరుగుతుంది?"

"ఓటిలియా అక్క నిజం చెప్పుంటే ఆ రోజే ఆపరేషనుకు పంపేదాన్ని. చీము రక్తంలోకి ఎక్కింది."

ఫెర్మీనా తెరెరే గ్లాసు కింద పెట్టి అంది: "ఆ గుమాస్తా పాత పేరు పెట్టి పిలిచి చంపాడు. మనం నోరు మూయించి చంపాం."

"చెబితే గెంటరూ?" అంది డెల్మీరా.

"ఒక్కదాన్నయితే గెంటుతారు. అందరం ఒక్కసారే చెబుదాం."

గురువారం గదికి తాళం ఉంది. గేటు దగ్గర డైరెక్టరు పిలిపించిన పోలీసు జీపు ఉంది. ఇరుపే వరండాలోనే కుర్చీ వేసుకుంది. వంటింట్లో చేరినవాళ్ళంతా వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. ఫెర్మీనా ఎదురుగా కూర్చుని గౌను మోకాలి పైకి లాగింది. రాయిలా బిగుసుకుపోయి, నల్లబడిన మోకాలు. వైద్యానికి బిడ్డలతో వచ్చిన తల్లులు చూపు తిప్పుకోలేదు.

"గౌను దించవయ్యా, పిల్లలున్నారు" అన్నాడు గుమాస్తా.

"చూడనీ బాబూ" అంది డెల్మీరా. "వీళ్ళలో రేపు మాలాంటిది ఎవరైనా ఉంటే ఈ సూది జోలికి పోదు."

ఆసుపత్రి చాకిరేవు ఆడవాళ్ళు తడి చేతులతోనే వచ్చి, జీపు దిగిన పోలీసులకు అడ్డంగా నేలమీద కూర్చున్నారు. పోలీసులు వాళ్ళను దాటుకుంటూ వచ్చారు.

"సిస్టర్, లేచి జీపెక్కండి."

"ఈమె చెప్పడం అయిపోనివ్వండి."

అవనివ్వలేదు. ఇరుపేను రెక్క పట్టి లాక్కుపోయారు. కుర్చీ పక్కకు పడిపోయింది. ఫెర్మీనా గొంతు పెంచి, వరండా చివరిదాకా వినబడేలా, తన మోకాలి కథ ముగించింది. డెల్మీరా పడిన కుర్చీ నిలబెట్టి, గౌను పైకి లాగి, తన పేరు చెప్పి మొదలుపెట్టింది. వింటున్న తల్లుల్లో ఒక్కరూ లేచిపోలేదు.

గేటు దగ్గర రెండో జీపు ఆగింది. తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు.

"డెల్మీరా తర్వాత ఎవరు?" అని అడిగింది ఫెర్మీనా.

బెంచీల మీద ఉన్న స్నేహితురాళ్ళందరూ ఒక్కసారే లేచారు.