ఏడు రంధ్రాల బిళ్ళ

మా షెడ్డులో గీత గీసే హక్కు మామగారిదే. ఆయన గీస్తారు, నేను తొలుస్తాను. కోడలిగా వచ్చి పన్నెండేళ్ళయింది, డ్రిల్లింగ్ మెషిన్ మీద నా చెయ్యి బాగా తిరిగింది. అయినా మార్కింగ్ బల్ల వైపు రెండడుగులు వేశానంటే చాలు, "అమ్మాయ్, నీ పని అక్కడ కాదు" అని వినిపించేది. గీసినవాళ్ళు బిళ్ళ అంచున తమ గుర్తును పంచ్‌తో కొట్టాలి, అదీ మా షెడ్డు పద్ధతి. మామగారిది నక్షత్రం. నాకు గుర్తే లేదు, నా ఒళ్ళు మండేది అక్కడే.

ఆ రోజు పదకొండింటికి బ్రెడ్డు ఫ్యాక్టరీ మెకానిక్ వచ్చి, ముందురోజు మేం చేసిచ్చిన ఇత్తడి బిళ్ళను బల్ల మీద ధన్‌మని పడేశాడు.

"మూడు బోల్టులు దిగాయి పెద్దాయనా. నాలుగోది ససేమిరా అంది." రంధ్రాలు లేని ఇంకో బిళ్ళ తీసి పక్కన పెట్టాడు. "మా దగ్గరున్న ఆఖరిది ఇదే. మూడింటికి వస్తా. ఇదీ పాడైందంటే మళ్ళీ మీ గుమ్మం తొక్కను."

అతను వెళ్ళిపోయాక మామగారు కొత్త బిళ్ళను తన ముందుకు లాక్కున్నారు.

పిండి కలిపే పాత మెషిన్‌ది ఆ బిళ్ళ. వంద మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం, దాని మీద సమానదూరంలో ఏడు రంధ్రాలు. ఆరయితే చిటికెలో పని. డివైడర్ కాళ్ళను వ్యాసార్ధమంత తెరిచి వృత్తం మీద నడిపిస్తే ఆరడుగుల్లో మొదటికొస్తుంది. ఎనిమిదయితే సగాలు చేసుకుంటూ పోవచ్చు. ఏడు మాత్రం మొండిఘటం. ముందురోజు మామగారు అంచనా మీద డివైడర్ తెరిచి నడిపించారు. చివర్లో రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే, ఆ తేడాను కంటితో చూసి ఏడింటికీ సర్దారు. ముప్పై ఏళ్ళుగా అలా సర్దుతున్న చెయ్యే అది, ఈసారి కుదరలేదు.

"ఏడు పెట్టినవాడెవడో ఇంట్లో గొడవపడి వచ్చి పెట్టుంటాడు," అని గొణిగి మళ్ళీ డివైడర్ అందుకున్నారు. స్కేలు మీది గీతలు కనబడక, దాన్ని కళ్ళ దగ్గరకి తెచ్చుకున్నారు.

ఏం చేయాలో తోచక నా సొరుగు లాగాను. డ్రిల్లు బిట్ల మధ్య నా డిగ్రీ లెక్కల పుస్తకం ఉంటుంది. దూరవిద్యలో చదువుతున్నాను, తీరిక దొరికినప్పుడల్లా తెరుస్తాను. వారం నుంచి ఒక్క పాఠంతోనే కుస్తీ. ఏకకపు మూలాలట. ఏ సంఖ్యను ఏడుసార్లు వేసుకుని గుణిస్తే ఒకటి వస్తుంది? ఒకటే కదా అని నేను, కాదు ఏడున్నాయి అని పుస్తకం. ఎన్ని పేజీలు తిప్పినా మా ఇద్దరికీ రాజీ కుదరలేదు.

పేజీ తెరిచాను. ఒకటి వ్యాసార్ధంతో గీసిన వృత్తం. దాని మీద సమానదూరంలో ఏడు చుక్కలు.

"మామయ్యా!" గట్టిగా అరిచేశాను. "మన బిళ్ళ! మన బిళ్ళ నా పుస్తకంలో ఉంది!"

"అరవకు. ఏం బిళ్ళ? ఏం పుస్తకం?"

"ఇదిగో, కుడి చివరున్న ఈ చుక్క అంటే ఒకటి అనే సంఖ్య. దాని పైనున్న ఈ చుక్కతో గుణిస్తే వృత్తం మీద ఒకడుగు తిరుగుతాం. మళ్ళీ గుణిస్తే ఇంకో అడుగు. ఏడోసారికి బయల్దేరిన చోటికే వస్తాం. మీ డివైడర్ నడకే కదా ఇది!"

"నా డివైడర్ బయల్దేరిన చోటికి రాలేదుగా."

"మీరు ప్రతి అడుగూ వెనకటి అడుగు నుంచి కొలిచారు. ఒకటి తప్పితే తర్వాతవన్నీ తప్పుతాయి. ఇక్కడ అలా కాదు. మూడొందల అరవై డిగ్రీల్ని ఏడుతో భాగించి, ఆ కోణానికి కాస్ తీస్తే అడ్డం ఎంతో తెలుస్తుంది, సైన్ తీస్తే నిలువు ఎంతో తెలుస్తుంది. ఆ కోణానికి రెట్టింపు రెండో చుక్కకి, మూడు రెట్లు మూడో చుక్కకి. అన్నిటినీ కేంద్రం నుంచే కొలుస్తాం. ఒకదాని తప్పు ఇంకోదానికి అంటదు."

మామగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "సరే. మరి నీ లెక్క తప్పో ఒప్పో ఇత్తడి మీద గీయకముందే నాకెలా తెలుస్తుంది?"

మంచి ప్రశ్నే. పుస్తకంలో దానికీ జవాబుంది, ఏడు మూలాల్నీ కూడితే సున్నా రావాలి. నా వేళ్ళు కాలిక్యులేటర్ మీద పరుగెత్తాయి. అన్నిటినీ వందతో గుణించాను. మొదటిది సరిగ్గా కుడివైపు వంద. తర్వాత అడ్డం 62.35, నిలువు 78.18. ఆ తర్వాత ఎడమకి 22.25, పైకి 97.49. ఆ తర్వాత ఎడమకి 90.10, పైకి 43.39. మిగతా మూడూ వీటికి సరిగ్గా కింద, అద్దంలో చూసినట్టు.

"కుడివైపు అడ్డాలు కూడండి మామయ్యా."

ఆయన అట్టముక్క మీద పెన్సిల్‌తో కూడారు. "రెండొందల ఇరవై నాలుగు పాయింట్ డెబ్భై."

"ఇప్పుడు ఎడమవైపువి. రెండూ సమానమైతే ఒకదాన్నొకటి కొట్టేసి సున్నా అవుతాయి."

పెన్సిల్ మెల్లగా నడిచింది. ఆగింది. ఆయన మళ్ళీ మొదట్నుంచీ కూడారు. "అదే," అన్నారు. "అమ్మాయ్, అదే వచ్చింది!"

ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వేశాం. మామగారు బల్ల దగ్గర నుంచి పక్కకి జరిగి, "గీయి," అన్నారు.

పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. నిలబెట్టిన బిళ్ళ మీద, కావలసిన ఎత్తులో గీత గీసే హైట్ గేజితో నిలువు కొలతలన్నిటికీ గీతలు గీశాను. బిళ్ళను పావు చుట్టు తిప్పి అడ్డం కొలతలకు గీశాను. గీతలు కలిసిన ఏడు చోట్లా పంచ్‌తో చిన్న గుంటలు కొట్టాను. డ్రిల్లు దింపబోతుంటే మామగారు చెయ్యి అడ్డం పెట్టారు. ఎడమ చివరి రెండు గుంటలకు సరిపడా డివైడర్ తెరిచి, మొదటి గుంట నుంచి నడిపించారు. గీతలు ఆయనకు సరిగ్గా కనబడటం లేదని నాకు తెలుసు. మొన మాత్రం ప్రతి గుంటలోనూ టక్కున దిగింది. ఏడో అడుగు బయల్దేరిన గుంటలోనే పడింది.

ఆయన డివైడర్ పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నారు.

తొలవడం అయ్యాక ఆయన నక్షత్రం పంచ్ తెచ్చిచ్చాను. తీసుకోలేదు.

"నేను గీయలేదుగా. నీది కొట్టు."

నాదంటూ ఒకటుంటే కదా! అంకెల పంచ్‌ల పెట్టె తెరిచి ఒకటి అంకె ఉన్నది తీశాను. వారమంతా దానితోనే కదా నా కుస్తీ. అంచున పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేశాను.

మెకానిక్ మూడింటికి వచ్చి బిళ్ళ పట్టుకెళ్ళాడు. నాలుగున్నరకి ఫోన్ మోగింది. మామగారు స్పీకర్ పెట్టారు.

"ఏడూ దిగాయి పెద్దాయనా, వెన్నలోకి దిగినట్టు! కానీ మీ నక్షత్రం లేదే? అంచున ఒకటి అని ఉంది. అదెవరిది?"

మామగారు నా వైపు చూశారు.

"అది మా కోడలి గుర్తు," అన్నారు. "ఇకనుంచి ఆ గుర్తు చూసి తీసుకెళ్ళు."