డాక్టరమ్మ మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ

మా కోడలు వసపిట్ట. బస్సు డిపోలో విచారణ కౌంటర్లో కూర్చుంటుంది. బస్సు ఎన్నింటికమ్మా అని అడిగిన పాపానికి, అది నిన్న ఎందుకు ఆలస్యమైందో, డ్రైవరుకి నడుం నొప్పి ఎప్పట్నుంచి ఉందో అంతా చెప్పి గానీ వదలదు. పోనీ ఇంటికొచ్చాకైనా ఆ నోటికి విశ్రాంతి ఉంటుందా అంటే, రామరామ! నేను ఒక మాట మొదలుపెడితే మిగతాది తనే అందుకుని పూర్తిచేసేస్తుంది. అదీ నేను చెప్పాలనుకున్నది కాదు. మంచి పిల్లే, కడుపులో ఏమీ దాచుకోదు. కాకపోతే దాని ముందు ఇంకొకరి గొంతు పెగలదు.

అలాంటి పిల్లకి నాటకంలో మనసు జబ్బులు నయం చేసే డాక్టరు వేషం ఇచ్చారు. పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నాడట వెనకటికెవడో. వింటూ కూర్చోవాల్సిన వేషం దీనికా అని నేనూ మావాడూ పడీ పడీ నవ్వాం.

ఆ నాటకం ఆడించే ఆయన బళ్ళో డ్రాయింగు మాస్టారు. ఆయనకి రెండు పట్టింపులున్నాయి. వేషం ఇచ్చిన రోజు నుంచీ ఇంట్లో కూడా ఆ పాత్రలాగే మెలగాలి. ఆట అయిపోయి ముఖాన రంగు తుడుచుకున్నాక మాత్రం ఆ పాత్ర మళ్ళీ ఒంటిమీదికి రాకూడదు. ఆ మాటా, ఆ చూపూ, అన్నీ అక్కడే వదిలేసి రావాలి. కాదంటే మరుసటి నాటకంలో వేషం ఉండదు. ఆయన మాటంటే మా కోడలికి వేదం.

ఇంకేముంది, డాక్టరమ్మ మా ఇంట్లో దిగింది. మావాడు కళ్ళజోళ్ళ దుకాణంలో పని ముగించుకుని ఆకలిగా వచ్చి, కూరలో ఉప్పెక్కువైందని మూతి ముడిచాడు. మామూలుగా అయితే ఇల్లెగిరిపోవాలి. అది నెమ్మదిగా వాడి ఎదురుగా కూర్చుని, "మీకు ఇలా కోపం రావడం ఎప్పట్నుంచి మొదలైంది?" అని అడిగింది. ఎప్పుడూ నువ్వు అనే పెళ్ళాం మీరు అనేసరికి వాడు హడలిపోయి, ఆ కూరే రెండోసారి వేసుకుని తిన్నాడు.

"అమ్మా, నా పెళ్ళాన్ని నాకు తెచ్చిపెట్టవే" అని వంటింట్లో నా కొంగు పట్టుకున్నాడు.

"బతికిపోయావు, నోరు మూసుకుని పడుండు" అన్నాను.

నా వంతు కూడా వచ్చింది. ఓ పొద్దున మోకాలు నొప్పి అని సణుక్కుంటున్నాను. అది వచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "చెప్పండి" అంది. చెప్పి ఆగాను, ఇప్పుడు అడ్డొస్తుంది కదా అని. రాలేదు. ఇంకో మాట చెప్పాను. అప్పుడూ రాలేదు. కళ్ళు నా మీదే ఉన్నాయి, చెక్కుచెదరలేదు. ఎన్నేళ్ళయింది ఒక మనిషి నన్నలా చూసి! మోకాలి నుంచి మొదలుపెట్టి, చిన్నప్పుడు మేడమెట్ల మీద పడ్డ సంగతి దాకా పోయాను. అక్కడినుంచి ఇక నా నోరు నా మాట వినలేదు.

ఎవరికీ చెప్పని ముక్క అప్పుడే బయటికొచ్చింది. పెళ్ళికి ముందు నేను ఈల వేసేదాన్ని. ఏ పాటైనా సరే, ఒక్కసారి వింటే చాలు, ఈలలో దించేసేదాన్ని. ఊపిరి మొత్తం పాటలోకి వెళ్ళిపోయి, ఒంట్లో నేనంటూ మిగిలేదాన్ని కాదు. పెళ్ళైన కొత్తలో మా ఆయన ఓ రోజు నవ్వుతూనే, "నలుగురూ వింటారు, మామూలుగా ఉండకూడదూ?" అన్నాడు. తిట్టలేదు, చెయ్యెత్తలేదు. దేవుడిలాంటి మనిషి. ఆ రోజుతో ఈల ఆగిపోయింది. దీన్ని ఎవరితో చెప్పుకోను? చెప్పుకుంటే మాత్రం, ఇందులో ఏడవడానికేముంది అనరూ?

డాక్టరమ్మ అనలేదు. తల కొద్దిగా ఊపింది, అంతే. ఆ రోజంతా నా ఒళ్ళు దూదిలా తేలిపోయింది.

అప్పట్నుంచీ పొద్దున్న టీ అవగానే కుర్చీ లాక్కుని నేను తయారు. ఆట దగ్గరపడుతున్నకొద్దీ మావాడు హుషారవుతున్నాడు, నాకు మాత్రం గుండెలో రాయి పడుతోంది. ఉన్నమాట చెప్పేస్తున్నా, ఆ ఆట వాయిదా పడాలని మొక్కుకున్నాను. రంగు తుడుచుకున్నాక డాక్టరమ్మ వెళ్ళిపోతుంది. తర్వాత నా మాట వినేదెవరు? ఈ వయసులో ఒక మనిషి దొరికితే, ఆ మనిషికి కూడా గడువేనా!

వాయిదా పడలేదు. ఆదివారం మధ్యాహ్నం మావాడూ నేనూ ముందు వరసలో కూర్చున్నాం.

వేదిక మీద రెండు కుర్చీలు, వెనక ఒక ఎర్ర దీపం. రోగి వేషం మా వీధి మందుల దుకాణం అతనిది. నాటకంలో అతను గాజు సామాన్ల కార్ఖానాలో పనివాడు. కొలిమిని తల్లీ అని పిలుస్తాడు. పని అయిపోయినా దాని దగ్గరినుంచి కదలడు. ఓ రోజు, చల్లారిన గాజు చచ్చిన గాజే అంటూ, చేసిన గ్లాసులన్నీ పగలగొట్టి, మండే కొలిమిలో చేతులు పెట్టబోయాడు. ఇతన్ని మామూలు మనిషిని చెయ్యమని ఇంట్లోవాళ్ళు డాక్టరు దగ్గరికి తెచ్చారు. అతను కొలిమి గురించి చెప్తుంటే నాకు నా ఈల గుర్తొచ్చింది.

ఇక మా కోడలు! ఏం చెప్పను, నా కళ్ళే నేను నమ్మలేదు. అతను అరుస్తాడు, ఏడుస్తాడు, వేదికంతా తిరుగుతాడు. ఇది కుర్చీలోంచి కదలదు. అయినా హాలంతా దీన్నే చూస్తోంది. అతని మాట ఒక్కొక్కటీ దాని ముఖంలోకి దిగడం వెనక వరసవాళ్ళకి కూడా కనిపించి ఉంటుంది. నోరు విప్పకుండా అన్ని వందలమందిని కట్టిపడేసింది నా కోడలు! నా పక్కనావిడ మోచేత్తో పొడిచి, ఆ పిల్లెవరండీ అని అడిగింది. మా పిల్లే అన్నాను, కళ్ళు వేదిక మీంచి తిప్పకుండానే.

చివరికి అతనికి నయమైంది. గాజు గ్లాసుతో నీళ్ళిస్తే తాగి, దాహం తీరిందండీ అన్నాడు. గ్లాసు వంక చూడను కూడా చూడలేదు. అతను వెళ్ళిపోయాక డాక్టరమ్మ ఒంటరిగా నిలబడి, "ఇక అతను చేతులు కాల్చుకోడు. అందుకు నాకు సంతోషమే. కానీ నొప్పి ఎక్కడుండేదో, వెలుగూ అక్కడే ఉండేది. నేను రెండూ తీసేశాను. నాలో ఎప్పుడూ ఏదీ మండలేదు, అందుకని తేడా తెలియలేదు" అంది. మావాడు, నా పెళ్ళాం కావాలని గోల పెట్టినవాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

నేను పరుగులాంటి నడకతో లోపలికెళ్ళాను, చివరిసారి డాక్టరమ్మని చూద్దామని. అప్పటికే నూనె గుడ్డతో ముఖం తుడిచేసుకుంటోంది. "అత్తయ్యా! చూశారా, రెండో అంకంలో కుర్చీ కాలు ఊగింది, నేను పడిపోతాననుకున్నా, ఆ మందుల దుకాణం ఆయనేమో మాట మర్చిపోయి నన్నే చూస్తాడు..." మొదలైపోయింది. దారి పొడుగునా ఆపలేదు. మావాడు ముసిముసిగా నవ్వుతున్నాడు. నాకు మాత్రం ఇంట్లోంచి ఎవరో ఊరెళ్ళిపోయినట్టే అనిపించింది.

సాయంత్రం బాల్కనీలో బట్టలు మడతపెడుతుంటే వచ్చి కూర్చుంది. నా చేతిలోని చీర కొస అందుకుని తనూ మడతపెట్టింది.

"అత్తయ్యా, తిడితే తిట్టండి. మీరు చెప్పినవేవీ నేను సరిగ్గా వినలేదు. ధ్యాసంతా నా ముఖం మీదే. తల ఎప్పుడు ఊపాలి, కళ్ళెంతసేపు నిలపాలి, ఇదే చూసుకున్నా. ఈల సంగతి సగమే గుర్తుంది. ఇవాళ అందరూ ఏడుస్తుంటే నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది."

నాకు ఒళ్ళు భగ్గుమంది. "అయితే ఇన్నాళ్ళూ గోడకి చెప్పుకున్నానన్నమాట!"

"గోడకే."

"ఆ ముక్క దాచుకుని చావచ్చు కదే! నేను విన్నావనే అనుకుని సుఖంగా పోయేదాన్ని."

"దాచుకోవడం నాకు రాదుగా. మళ్ళీ చెప్పండి. డాక్టరులా వినడం నాకు చేతకాదు, చేసినా మాస్టారు ఊరుకోరు. నాలాగే వింటాను."

నీ మొహం, నువ్వేం వింటావు అనుకుంటూనే మొదలుపెట్టాను. మొదటి మాటకే అడ్డొచ్చింది. ఏ పాట, ఎవరు నేర్పారు, రెండు వేళ్ళా నాలుగు వేళ్ళా? మా ఆయన అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఎగిరి నిలబడింది. "మామయ్యగారా? నవ్వుతూ అన్నారా? బతికుంటే ఇప్పుడే దులిపేసేదాన్ని!" అంటూ ఏకంగా గదిలో ఉన్న ఆయన ఫొటో మీదికి పోట్లాటకి బయల్దేరింది. నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. నా ఒళ్ళో తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

అంత చక్కగా విన్న డాక్టరమ్మ నా కోసం ఒక్క బొట్టు కూడా రాల్చలేదు.

"ఊరుకోవే తిక్కదానా, ఊరుకో" అన్నాను, నా కొంగుతోనే దాని ముక్కు తుడుస్తూ. "ఇంకా అసలు సంగతి చెప్పనే లేదు."