దొరగారి పావురాలు

ఆ ఊళ్ళో పావురాలు పెంచే హక్కు దొర ఒక్కడిది. చేలు మేపే భాగ్యం మాత్రం ఊరందరిది. విత్తనం చల్లి వెనక్కి తిరిగితే చాలు, మబ్బు దిగినట్టు దిగేవి. మతురీన్ మొగుడు బ్లేజ్ కడుపు మండి ఒక్క రాయి విసిరాడు. ఒకటి చచ్చింది. అంతే, చేతిలో విత్తనం ఉండగానే సంకెళ్ళేసి, ఖైదీల చేత చాకిరీ చేయించే తులోన్ రేవుకు తోలుకుపోయారు. ఆ గొలుసులోనే పోయాడు.

మూడేళ్ళకు, మీ కష్టాలు రాసి పంపండని రాజు ఊరూరా కబురు పెట్టాడు. చర్చిలో జనం కూడారు. కలం పట్టిందెవరయ్యా అంటే దొర దివాను లార్షే. ఊళ్ళో అక్షరం ముక్క వచ్చింది అతనికే మరి.

"పావురాల సంగతి రాయండయ్యా," అంది మతురీన్.

"రాశానమ్మా, రాశాను."

అందరూ గీత మీద గీత పెట్టి గుర్తులేశారు. పంచాంగాలమ్మేవాడొకడు వచ్చి చర్చి తలుపుకు కొట్టిన నకలు చదివేదాకా తెలియలేదు. 'దొరగారి చలవ వల్ల మాకే కొరతా లేదు' అని ఉంది.

"మన గొంతుకి మనమే ముడేసుకున్నాం," అన్నాడు ముసలి అన్సెల్మ్.

జూలైలో పారిస్ జనం జైలుకోట పడగొట్టారని తెలిసింది. ఆదివారం పూజ కాగానే ఊరు ఊరంతా గోనెలు, కర్రలు పట్టుకుని దొర పావురాలుండే గోపురానికి నడిచింది.

లార్షే అడ్డం నిలబడ్డాడు. "ఒక్కదానికే ఏమైందో మరిచారా?"

"మరవలేదు కనకే వచ్చాం. ఒక్కదానికి ఒక మనిషిని కట్టారు. వీటన్నిటికీ సరిపడా గొలుసుందా నీ దగ్గర?" అంది మతురీన్.

పొద్దు వాలేసరికి ఒక్కటీ మిగల్లేదు. అప్పుడు బల్ల తెచ్చి లార్షేని దాని ముందు కూర్చోబెట్టారు. పంచాంగాలవాడు వెనక నిలబడి అక్షరం అక్షరం పైకి చదువుతుంటే రాయించారు: పావురాలను చంపింది మేము. నెత్తుటి వేళ్ళతో ఊరంతా గుర్తులేసింది. మొదటి గుర్తు మతురీన్‌ది.

"ఈసారి సరిగ్గా రాశావు దివానూ," అన్నాడు అన్సెల్మ్.

మతురీన్ పావురాల పొట్టలు చీల్చి గోధుమ గింజలు ఏరి మూటగట్టింది.

తొమ్మిదో రోజున గుర్రపు సిపాయిలొచ్చారు. కాగితం చూసి నాయకుడు నుదురు కొట్టుకున్నాడు. "ఊరంతా ఉందే."

"బండ్లు చాలకపోతే మేమే నడిచొస్తాంలే బాబూ," అంది మతురీన్.

మొదటి గుర్తు ఆమెదని ఆమెనే కట్టారు. మూట అన్సెల్మ్ చేతిలో పెట్టింది. "చలి ముదరకముందే చల్లు మామా."

అక్టోబరులో ఆమె చేను ఊరంతా కలిసి విత్తింది. చల్లి, వెనక్కి తిరిగి, అక్కడే నిలబడి చూశారు. ఒక్క రెక్కా దిగలేదు. పావురాల కోసం తెచ్చుకున్న కర్రలు మాత్రం ఎవరూ కింద పెట్టలేదు. చేను గట్టు దాటితే ఆమెను తోలుకుపోయిన తులోన్ దారి. అందరూ అటే తిరిగారు.