పేరే

శ్రీరామనవమి ముందురోజు. దేశంకాని దేశంలో, ఓడరేవు పట్నపు లమ్మడా పేటలో, మూడో అంతస్తు ఇంట్లో కూర్మనాథం దేవుడి గూడు సర్దుతున్నాడు. పటాలన్నీ భార్య రాజ్యం తుడిచి అందిస్తోంది గానీ, ఆకుపచ్చ సీసాను మాత్రం ఆయన ఎవరి చేతికీ ఇవ్వడు. అందులో సొంతూరి ఏరు వంశధార నీళ్లుంటాయి. ఊరి నుంచి ఎవరొచ్చినా ఇంత తెచ్చి కలుపుతారు. ఏటా నవమినాడు గుడిలో ఆ నీళ్లు రెండు చుక్కలు పడితే గానీ పానకం ఆయన గొంతు దిగదు.

హోటల్లో పనికి బయలుదేరిన కోడలు ఆశ గుమ్మంలో ఆగిపోయింది. సీసా మీద చిరగ్గా మిగిలిన కాగితంలో ఓ పెంకుటిల్లు, దాని ముందు తీగల వరసలు.

"మావయ్యా, ఈ బొమ్మ సీసాలు మా హోటల్‌కి వస్తాయి. తెల్లద్రాక్ష వైన్. ఫ్రాన్సుది."

"వైనంటే?"

"సారాయికి చెల్లెలు," అంది రాజ్యం. నవ్వబోయి, భర్త ముఖం చూసి ఊరుకుంది.

కూర్మనాథం పీట మీద కూలబడ్డాడు.

ఆయన తండ్రి భీమరాజు సేక్కాన్ రేవులో మూటలు మోసేవాడు. జ్వరంతో పడివున్న ఓ ఓడ వంటవాడికి గంజి కాచి పోస్తే, వెళ్తూ వెళ్తూ అతడిచ్చిన సీసా ఇది. బిరడా లాగగానే గదంతా మాగిన జామపండు వాసన. పిల్లవాడైన కూర్మనాథం నాలుక చాపాడు. "ఎంగిలి సేయకురా, దేవుడికి!" అని కసిరి, పళ్ల రసమనుకొని భీమరాజు సీసాడూ నవమి పానకంలో పోసేశాడు. ఆ ఏడు భజన చేసినట్టు మరే ఏడూ చేయలేదని తల్లి సింహాచలమ్మ ముసలయ్యేదాకా చెప్పుకునేది.

భీమరాజుకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. కాగితం మీద వేలు పెట్టి, "పి, ఈ, ఆర్, ఈ... పేరే! సూసినావురా? దేవుడి పేరే సాలని రాసినారు," అన్నాడు. ఆ రోజే సీసా దేవుడి గూడెక్కింది. కూర్మనాథానికి జపం మీద గురి కుదిరింది ఆ మాటతోనే.

"అయితే మా అయ్య రాముడికి సారా పోసినాడా?" అన్నాడు కూర్మనాథం.

"తెలిసి పోసినాడేటి?" అంది రాజ్యం. "కానీ తెలిసినాక రేపు దీన్ని గుడికెలా తీసుకెళ్తారండీ?"

ఆశ పక్కన కూర్చొని ఫోను చూపించింది. కాగితం మీదున్న ఇల్లే. ముందు ఓ ముసలాయన, కొడుకు, మధ్యలో ద్రాక్ష బుట్ట.

"ఇప్పటికీ ఆ ఇంటోళ్లే పండిస్తారంట. కోతల్లో మొదటి గుత్తి వాళ్ల గుడిలో పెట్టినాకే మిగతాది పిండుతారంట."

"దేవుడికి పెట్టే తాగుతారా?" కూర్మనాథం ఆశ్చర్యపోయాడు. పండు వరకు నైవేద్యం, పులిస్తే పాపం. ఆ గీత ఎక్కడ గీశాడో దేవుడు! "మరి ఈ పేరేటి?"

"పేరే కాదు మావయ్యా, పేర్ అనాలి. వాళ్ల మాటలో అయ్య అని. చిరగని సీసాల మీద అయ్యా కొడుకులూ కలిసి చేసినారని రాసుంటది."

ఆయన సీసా మూత తీసి వాసన చూశాడు. జామపండు ఎప్పుడో పోయింది. ఏటి నీళ్ల వాసనే. తండ్రి పెట్టినచోటే వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం మీదుగా జరిపాడు.

"అయ్య," అని చదివాడు.

తర్వాత లేచి, సీసాను రేపటి పానకం బిందె పక్కన పెట్టాడు.

"గుడిలో ఎవరైనా ఇదేటని అడిగితే?" అంది రాజ్యం.

"మా అయ్య సీసా అంటాను. దాని మీదా అదే కదే రాసుంది!"